ఫర్హా కూర్చున్న కుర్చీ: పోకర్ టోర్నమెంట్ వీడియో గేమ్ అయితే ఏం మిగులుతుంది?

"బావా, పోకరే ఒక ఆట కదా. ఆటని మళ్ళీ గేమ్ చేయడమేంటి?"

మా బావమరిది ఈ మాట అడిగింది ఒక ఆదివారం మధ్యాహ్నం, మారతహళ్ళిలోని మా ఇంట్లో, ఆంధ్రా మెస్ పార్సిల్ ఖాళీ చేశాక. గుంటూరులో ఇంజినీరింగ్ అయ్యాక వాడు బెంగళూరు వచ్చి ఒక చిన్న గేమ్ స్టూడియోలో చేరాడు. పాత గేములు ఎలా కట్టారో చూడాలని ఎస్పీ రోడ్డులో ఒక వాడేసిన ప్లేస్టేషన్ 2, దాంతోపాటు కొన్ని డిస్కులు కొనుక్కొచ్చాడు. వాటిలో ఒకటి 2005లో యాక్టివిజన్ విడుదల చేసిన 'వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్'. ఆ రోజు నేను చెప్పిన జవాబు నాకే చాలలేదు. ఆ తర్వాత చాలా రోజులు ఆలోచిస్తే, ఈ ప్రశ్నలో మూడు నాలుగు చిక్కుముళ్ళు ఉన్నాయని అర్థమైంది.

ముందు ఆ గేమ్‌కి పేరిచ్చిన అసలు టోర్నమెంట్ గురించి. 1970లో లాస్ వేగస్‌లో బెన్నీ బినియన్ అనే కాసినో యజమాని తన హార్స్‌షూలో పేరున్న పోకర్ ఆటగాళ్ళను ఒకచోట కూర్చోబెట్టాడు. ఆ ఏడాది విజేత జానీ మాస్‌ని ఆటగాళ్ళే ఓటు వేసి ఎన్నుకున్నారు. ఓటుతో గెలిస్తే చూసేవాళ్ళకు మజా ఏముంటుంది? అందుకే 1971 నుంచి పద్ధతి మార్చారు. అందరూ ఒకే రుసుము కట్టాలి, అందరికీ సమానంగా చిప్స్ (పందెం బిళ్ళలు) ఇస్తారు, చిప్స్ అయిపోయినవాడు లేచి వెళ్ళిపోవాలి, చివరికి ఒక్కడు మిగిలేదాకా ఆడాలి. 1972 నుంచి ప్రధాన పోటీ రుసుము 10,000 డాలర్లు. ఆడేది టెక్సాస్ హోల్డెమ్. చేతిలో రెండు ముక్కలు మూసి ఉంటాయి, బల్ల మధ్యలో ఐదు ముక్కలు తెరిచి వేస్తారు, ఈ ఏడింటిలో మంచి ఐదు ఎవరివైతే వాళ్ళది పందెం. నియమాలు పది నిమిషాల్లో వచ్చేస్తాయి.

2003లో టెనెసీకి చెందిన అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్ ఆన్‌లైన్లో ఒక చిన్న అర్హత పోటీ గెలిచి ఈ టోర్నమెంట్‌లో కూర్చున్నాడు, గెలిచాడు. ఆ ఏడాది ఆడింది 839 మంది. మరుసటి ఏడాది 2,576. 2005లో 5,619. 2006లో 8,773. వీడియో గేమ్ 2005లోనే ఎందుకు వచ్చిందో ఈ అంకెలే చెబుతాయి. ఇంట్లో టీవీ ముందు కూర్చున్న లక్షలమంది 'నేను కూడా' అనుకున్న కాలం అది.

ఇప్పుడు మొదటి చిక్కుముడి. టోర్నమెంట్‌లో చిప్స్ డబ్బు కాదు.

మన ఊళ్ళలో రమ్మీ ఆడినవాళ్ళకు పాయింటుకి ఇంత అని లెక్క. వంద పాయింట్లు పోతే ఆ లెక్కన డబ్బు పోయినట్టే. పోకర్‌లో కూడా ఇలాంటి రోజువారీ బల్లలు ఉంటాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి చిప్స్ మార్చుకుని ఇంటికి పోవచ్చు. టోర్నమెంట్‌లో అలా కుదరదు. 2003లో ఒక్కొక్కరికి 10,000 చిప్స్ ఇచ్చారు. 839 మందికి కలిపి 83 లక్షల 90 వేల చిప్స్. ఆఖర్న అవన్నీ మనీమేకర్ ముందు కుప్పగా చేరాయి. కానీ అతని చేతికొచ్చిన బహుమతి 25 లక్షల డాలర్లు. చివరి వరకూ ఎదురు నిలిచిన శామీ ఫర్హా దగ్గర ఒక్క చిప్ కూడా మిగల్లేదు, అయినా రెండో బహుమతిగా 13 లక్షల డాలర్లు తీసుకున్నాడు.

చిన్న లెక్క వేసుకుందాం. ఇద్దరే మిగిలారు. మొదటి బహుమతి 60 వేలు, రెండోది 40 వేలు. మొత్తం చిప్స్‌లో ముప్పావు వంతు నీ దగ్గరున్నాయి, ఇద్దరూ సమానమైన ఆటగాళ్ళే. చిప్స్ డబ్బే అయితే నీ వాటా 75 వేలు అవ్వాలి. కానీ 40 వేలు ఇద్దరికీ ఖాయం. నిజంగా పోటీ ఉన్నది మిగిలిన 20 వేల కోసం. అందులో ముప్పావు, అంటే 15 వేలు నీ వాటా. మొత్తం 55 వేలు. పావు వంతు చిప్స్ ఉన్న అవతలివాడి వాటా 45 వేలు. అంటే చిప్స్‌లో మూడు రెట్ల తేడా ఉన్నా, విలువలో తేడా పదివేలే.

ఈ ఒక్క సంగతి పట్టుకుంటే టోర్నమెంట్ ఎందుకు అంత టెన్షన్‌గా ఉంటుందో తెలుస్తుంది. గెలుచుకునే చిప్ కంటే పోగొట్టుకునే చిప్ బరువెక్కువ. ఎందుకంటే ఆఖరి చిప్ పోతే కుర్చీ పోతుంది.

నా లెక్కలో టోర్నమెంట్‌ని వీడియో గేమ్‌గా మార్చడానికి వీలు కల్పించింది కూడా ఇదే. రోజువారీ డబ్బు బల్లని తెర మీదికి తెస్తే, డబ్బు తీసేయగానే అందులో ఏమీ మిగలదు. టోర్నమెంట్‌కి మాత్రం మొదలూ చివరా ఉన్నాయి, బయటికి పోవడం ఉంది, దశలు ఉన్నాయి. చిప్స్ మొదటినుంచీ ఆటలో మాత్రమే చెల్లే వస్తువులు. డబ్బు లేకపోయినా ఆట ఎముకలు నిలబడతాయి.

రెండోది కాలం. మూడు ముక్కలాట ఆడిన మనకు బ్లైండ్ అంటే ముక్కలు చూడకుండా ఆడటం. హోల్డెమ్‌లో అర్థం వేరు. ముక్కలు పంచకముందే, పంచేవాడి ఎడమపక్కనున్న ఇద్దరు తప్పనిసరిగా పెట్టాల్సిన పందెం అది. టోర్నమెంట్‌లో ఈ బ్లైండ్ కొంతసేపటికోసారి పెరుగుతూ పోతుంది. ఏమీ ఆడకుండా చేతులు కట్టుకు కూర్చున్నా, ఆ పందెం వంతులవారీగా వచ్చి చిప్స్ తినేస్తుంది.

అసలు టోర్నమెంట్‌లో ఒక్కో దశ రెండు గంటల లెక్కన రోజుల తరబడి ఆడతారు. చేత్తో ముక్కలు పంచితే గంటకి ఇరవై ఐదో ముప్పయ్యో ఆటలు తెగుతాయి. సోఫాలో కూర్చున్నవాడు రోజుల తరబడి ఆడడు కాబట్టి గేమ్ తయారుచేసేవాళ్ళు ఈ కాలాన్ని నొక్కేయాలి. ఎంత నొక్కాలన్న దగ్గర ఆట స్వభావమే మారిపోతుంది. 10,000 చిప్స్‌తో మొదలై పెద్ద బ్లైండ్ 50 అనుకుందాం. చేతిలో రెండువందల బ్లైండ్లు ఉన్నట్టు. ఆలోచించడానికి, తప్పుచేసి దిద్దుకోవడానికి చోటుంది. పది నిమిషాలకోసారి బ్లైండ్ రెట్టింపు చేస్తే గంటకి అది 3,200 అవుతుంది. అప్పుడు అవే 10,000 చిప్స్ మూడు బ్లైండ్లకే సరి. అంత తక్కువలో నైపుణ్యం చూపించే వీలుండదు. ముక్క కాస్త బాగుంటే అంతా పెట్టేయడమే. తొందరగా అయ్యే టోర్నమెంట్‌లో అదృష్టం వాటా పెరుగుతుంది. మా బావమరిది ఇది విని వెంటనే లాప్‌టాప్ తీసి రాసుకున్నాడు. పెరిగే వేగం ఒక్కటే మార్చి ఒకే నియమాలతో రెండు వేర్వేరు ఆటలు చేయొచ్చని వాడికి అక్కడ తట్టింది.

నాకు బాగా ఇష్టమైన చిక్కు మాత్రం బహుమతుల గీత దగ్గర ఉంది. వంద మందికి బహుమతులు అనుకోండి, నూటొక్కమంది మిగిలారు. ఇంకొక్కరు పోతే మిగిలిన అందరికీ ఎంతో కొంత డబ్బు ఖాయం. పోకర్‌లో దీన్ని బబుల్ అంటారు. ఆ క్షణంలో మంచి ముక్కలు పడినా కొందరు ఫోల్డ్ చేస్తారు, అంటే ముక్కలు పడేసి ఆ ఆట వదిలేస్తారు. చిప్స్ దండిగా ఉన్నవాడు ఆ భయం చూసి ప్రతి ఆటలోనూ పెంచుతూ పోతాడు. ఒక బల్ల మీద నెమ్మదిగా ఆడి, పక్క బల్లలో ఎవరో పోయేదాకా కాలయాపన చేసే అవకాశం ఉంది కనుక, అన్ని బల్లల మీదా ఒక్కో ఆటే పంచి, అన్నీ అయ్యాకే తర్వాతి ఆట మొదలుపెడతారు.

ఇది వీడియో గేమ్‌లో రావాలంటే అవతల కూర్చున్న కంప్యూటర్ ఆటగాళ్ళకు కూడా భయం ఉండాలి. తన ముక్కలు గెలిచే అవకాశం ఎంత అని మాత్రమే లెక్కేసే కంప్యూటర్, నూటొక్కమంది ఉన్నప్పుడూ తొంభై తొమ్మిది మంది ఉన్నప్పుడూ ఒకేలా ఆడుతుంది. అలాంటి గేమ్‌లో లోగో ఉంటుంది, విగ్గు పెట్టినట్టు పేరున్న ఆటగాళ్ళ బొమ్మలుంటాయి, టోర్నమెంట్ మాత్రం ఉండదు. ఏ పోకర్ గేమ్ చేతికొచ్చినా నేను ముందు చూసేది ఇదే. బహుమతుల గీత దగ్గరికి రాగానే బల్ల మీద మౌనం మారుతోందా?

అవతలి ఆటగాడిని కంప్యూటర్‌తో తయారుచేయడం ఎంత పెద్ద శాస్త్రమో చెప్పాలంటే వేరే వ్యాసం కావాలి. ముఖ్యమైన మెలిక ఒక్కటి చెబుతాను. చదరంగంలో రెండువైపులా అన్నీ కనిపిస్తాయి. పోకర్‌లో సగం దాగి ఉంటుంది. అందుకే పరిశోధకులు యంత్రాన్ని దానితోనే కోట్లసార్లు ఆడించి, ప్రతి నిర్ణయం దగ్గరా 'ఇలా కాక అలా ఆడి ఉంటే ఎంత మిగిలేది' అని లెక్క రాయించారు. పశ్చాత్తాపం తగ్గే దారినే అది మెల్లగా ఎంచుకుంటుంది. ఈ పద్ధతితో 2015లో కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు ఇద్దరు ఆడే, పందేనికి పరిమితి ఉన్న హోల్డెమ్‌ని దాదాపు పూర్తిగా ఛేదించారు. 2017 జనవరిలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన లిబ్రటస్ అనే ప్రోగ్రామ్ 20 రోజులపాటు 1,20,000 ఆటలు ఆడి నలుగురు నిపుణులను ఓడించింది.

కానీ ఇంట్లో ఆడుకునేవాడికి లిబ్రటస్ వద్దు. వాడికి మనుషులు కావాలి. ముక్క పడకపోయినా షో దాకా లాగే మొండి మనిషి, ఒకసారి పోగొట్టుకుంటే ఉడుక్కుని వరసగా పెంచేసే కుర్రాడు, గంటసేపు పలక్కుండా కూర్చుని ఒక్కసారి చెయ్యి వేసే పెద్దాయన. కొన్ని గేముల్లో బొమ్మ ముఖం మీద సైగలు పెడతారు. కళ్ళు పక్కకి తిప్పితే బ్లఫ్, అంటే మంచి ముక్కల్లేకున్నా ఉన్నట్టు బెదిరిస్తున్నాడు అన్నట్టు. రెండు సాయంత్రాలు ఆడితే ఆ సైగ తాళంచెవిలా చేతికొచ్చేస్తుంది, ఆ తర్వాత ఆట చప్పబడిపోతుంది. నిజమైన బల్ల మీద ముఖం కంటే పందెం పరిమాణం, ఆలోచించిన సమయం ఎక్కువ చెబుతాయి. అందుకే కంప్యూటర్ క్షణంలో తేల్చేసినా ఆగి ఆడేట్టు చేయాలి, ఆ ఆగడానికీ చేతిలోని ముక్కలకూ నేరుగా లంకె పడకుండా చూసుకోవాలి.

ముక్కలు కలపడం గురించి కొంచెం. పేకాటలో ఓడినప్పుడల్లా 'ఇది సరిగ్గా కలపలేదు' అనడం మనకు అలవాటు. యంత్రం మీద ఆ అనుమానం ఇంకా ఎక్కువ. 52 ముక్కలను పేర్చగల వరసలు 8 పక్కన 67 సున్నాలు పెడితే వచ్చేంత సంఖ్య. కంప్యూటర్ మాత్రం ఒక మూలసంఖ్యతో మొదలుపెట్టి యాదృచ్ఛికంగా కనిపించే వరస తయారుచేస్తుంది. ఆ మూలసంఖ్య 32 బిట్లదైతే వచ్చే వరసలు దాదాపు 429 కోట్లే. 1999లో అమెరికాలో కొందరు భద్రతా పరిశోధకులు ఒక ఆన్‌లైన్ పోకర్ సాఫ్ట్‌వేర్ ముక్కలు కలిపే తీరు చదివి చూస్తే, మూలసంఖ్యగా అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్లు వాడుతున్నట్టు తేలింది. రోజుకి 8 కోట్ల 64 లక్షల మిల్లీసెకన్లే. తమ గడియారాన్ని ఆ సర్వర్ గడియారంతో కలిపేసరికి వెతకాల్సినవి రెండు లక్షలకు దిగాయి. తమ రెండు ముక్కలూ, మధ్యలో తెరిచిన మూడు ముక్కలూ తెలిస్తే చాలు, అందరి చేతుల్లో ఏముందో, తర్వాత ఏ ముక్క రాబోతుందో వాళ్ళు అప్పటికప్పుడు చెప్పగలిగారు. ఇంట్లో ఒంటరిగా ఆడే డిస్క్ గేమ్‌లో దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. ఎదురుగా ఇంకో మనిషి కూర్చునే ఆన్‌లైన్ టోర్నమెంట్‌లో ఇది ఆట ప్రాణం.

ఇక డబ్బు తీసేశాక వచ్చే చిక్కు. ఉచితంగా ఆడే ఏ పోకర్ బల్ల మీదైనా మొదటి ఆటలోనే ఇద్దరు ముగ్గురు ఆల్ ఇన్ అంటారు, అంటే ఉన్న చిప్స్ అన్నీ ఒకేసారి పెట్టేస్తారు. పోతే ఏముంది, మళ్ళీ మొదలుపెడతారు. కుర్చీ పోతుందన్న భయం లేనిచోట బ్లఫ్‌కి అర్థం లేదు, ఎందుకంటే ఎవరూ ఫోల్డ్ చేయరు. టోర్నమెంట్ గేములు దీనికి కనిపెట్టిన మందు, భయాన్ని కాలంతో కొనడం. చిన్న పోటీలు గెలిస్తేనే పెద్ద పోటీ రుసుముకి సరిపడా ఆట డబ్బు చేరుతుంది. అక్కడ మూడు గంటలు కష్టపడి ఆఖరి బల్ల దాకా వచ్చినవాడు మొదటి ఆటలో అంతా పెట్టేయడు. పోయేది రూపాయలు కావు, ఆ మూడు గంటలు. నా ఉద్దేశంలో ఇది నిజమైన పందెమే.

పూర్తిగా వేరే దారి పట్టిన గేమ్ 2024లో వచ్చిన బలాట్రో. అందులో పందెం లేదు, ఎదురు ఆటగాడు లేడు. పోకర్ చేతుల (ముక్కల కలయికల) పేర్లు, వాటి విలువల వరస మాత్రం తీసుకుని పాయింట్ల పజిల్‌గా కట్టారు. అయినా యూరప్‌లో వయసు ముద్రలు వేసే పెగీ సంస్థ దానికి జూదం గుర్తులున్నాయని 18 ఏళ్ళ ముద్ర వేసింది. అప్పీలు చేశాక 2025లో 12కి తగ్గించింది.

మన దగ్గర ఈ గీత ఇంకా లోతుగా కోసింది. పేకాటలో నైపుణ్యం ఎంత, అదృష్టం ఎంత అన్న చర్చ సుప్రీంకోర్టుకి వెళ్ళింది సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసుతోనే. 1967లో వచ్చిన ఆ తీర్పు, రమ్మీ మూడు ముక్కలాటలా పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదని, అందులో నైపుణ్యానిదే పెద్ద వాటా అని చెప్పింది. ఆన్‌లైన్ కాలంలో డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పోకర్ యాప్‌లను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. కర్ణాటక 2021లో చట్టం తెస్తే 2022 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది.

చట్టంలో చదివితే ఇవి తేదీలు. బెంగళూరులో మాకు ఇవి మనుషులు. మా పాత రూమ్మేట్‌ది ప్రకాశం జిల్లా. ఊళ్ళో ఉన్నప్పుడు ఫోన్‌లో లొకేషన్ చూసి తెరుచుకోని యాప్, ఇక్కడ బస్సు దిగేసరికి తెరుచుకుంది. రాత్రిళ్ళు దుప్పటి కప్పుకుని ఆడేవాడు. మొదట జీతం, తర్వాత బండి, ఆ తర్వాత ఇంటి నుంచి అడిగి తెప్పించుకున్నది. ఆ తెర మీద కూడా అదే ఆకుపచ్చ బల్ల, అవే చిప్స్, అదే టోర్నమెంట్ అన్న పేరు. మా బావమరిది డిస్క్‌లో ఉన్నదానికీ దానికీ బయట నుంచి చూస్తే తేడా తెలియదు. నేను పక్క మంచం మీదే ఉన్నాను, గేమ్ ఆడుకుంటున్నాడనుకున్నాను. ఈ వ్యాసం ఇంత వివరంగా రాయడానికి అది కూడా ఒక కారణం.

తేడా ఉన్నది ఒక్కచోటే. చిప్ మళ్ళీ డబ్బుగా బయటికి వస్తుందా? 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న పాత ప్రశ్ననే పక్కన పెట్టి, సరిగ్గా ఇక్కడ గీత గీసింది. తిరిగి డబ్బు గెలవాలన్న ఆశతో డబ్బు పెట్టి ఆడేది నిషేధం, అది నైపుణ్యమైనా సరే. గేమ్ కొనడానికి, చందాగా కట్టడానికి ఇచ్చే సొమ్ము పందెం కిందికి రాకపోతే ఆ ఆటకు అడ్డులేదు. ఆ వారంలోనే పెద్ద యాప్‌లు డబ్బు బల్లలు మూసేశాయి. ఆట డబ్బుతో ఎక్కుతూ పోయే డిస్క్ టోర్నమెంట్ గీతకు ఇవతలే ఉంది.

ఇక చివరి ముడి, మా బావమరిది ప్రశ్నకు అసలు జవాబు. టీవీలో పోకర్ చూడటం ఆసక్తిగా మారింది ఆటగాళ్ళ మూసిన ముక్కలు చూపించే కెమెరా వచ్చాకే. బొమ్మల తయారీలో పేరున్న హెన్రీ ఒరెన్‌స్టైన్ దానికి పేటెంట్ తీసుకున్నాడు. 2003 ఆఖరి పోరులో ఒక ఆట ఆ కెమెరా వల్లే చరిత్రలో నిలిచింది. మనీమేకర్ చేతిలో ఇస్పేటు రాజు, ఆఠీను ఏడు. ఫర్హా చేతిలో ఇస్పేటు రాణి, ఆఠీను తొమ్మిది. బల్ల మీద ఇస్పేటు తొమ్మిది, డైమను రెండు, ఇస్పేటు ఆరు, ఇస్పేటు ఎనిమిది, ఆఖర్న ఆఠీను మూడు. ఫర్హాకి తొమ్మిదుల జత ఉంది. మనీమేకర్‌కి ఏమీ కలవలేదు. అయినా ఆల్ ఇన్ అన్నాడు. ఫర్హా చాలాసేపు ఆలోచించి ఫోల్డ్ చేశాడు.

టీవీ చూసేవాడు ఈ ఆటలో దేవుడిలా ఉంటాడు. రెండు చేతులూ కనిపిస్తాయి, 'అయ్యో, పెట్టెయ్' అని అరుస్తాడు. ఫర్హాకి కనిపించేది తన రెండు ముక్కలు, బల్ల మీది ఐదు. మిగిలిన 45 ముక్కల్లో ఏ రెండైనా అవతలి చేతిలో ఉండొచ్చు. అలాంటి జతలు 990. వాటిలో కొన్ని ఇస్పేట్లు ఐదు చేసి, కొన్ని వరస కట్టి తొమ్మిదుల జతను ఓడించేవి, చాలావరకు ఏమీ కానివి. టీవీ ఇచ్చిన ఆ చూపుని వీడియో గేమ్ తిరిగి లాక్కుంటుంది. మనల్ని తీసుకెళ్ళి ఫర్హా కుర్చీలో కూర్చోబెడుతుంది. ఆటని మళ్ళీ గేమ్ చేయడమేంటి అంటే, అదీ.

పోయిన శనివారం రాత్రి పన్నెండు దాటాక హాల్లో వెలుగు కనిపిస్తే లేచి వెళ్ళాను. మా బావమరిది ఆ పాత డిస్క్‌లో ఆఖరి బల్ల దాకా వచ్చాడు. ఇద్దరే మిగిలారు. అవతలి బొమ్మ అంతా ముందుకి తోసింది. వాడు కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసి, ఫోల్డ్ నొక్కాడు. తెర మీద అవతలి రెండు ముక్కలు మూసినవి మూసినట్టే పక్కకి జరిగిపోయాయి.

"దాని దగ్గర ఏముంది బావా?" అన్నాడు.

నాకూ తెలియదన్నాను. కొత్త ముక్కలు పడుతున్నాయి, నేను వెళ్ళి వాడి పక్కన కూర్చున్నాను.